రక్షణ బడ్జెట్‌ను చదవడం, సైబర్ రక్షణను అందుకోవడం: బెంగళూరు తెలుగు కుటుంబాలకు ఒక మార్గదర్శిని

బెంగళూరులో స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి దేశరక్షణ దూరపు వ్యవహారం కాదు. ఒకరి నాన్నగారు విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హెచ్‌ఏఎల్‌లో ఉద్యోగ విరమణ చేసి విమానపుర దగ్గరే ఇల్లు కట్టుకుని ఉంటారు; మరొకరి మేనమామకు పీణ్యలో నాలుగు సీఎన్‌సీ యంత్రాల షెడ్డు ఉంటుంది; ఇంకొకరి కోడలు వైట్‌ఫీల్డ్‌లోని సాఫ్ట్‌వేర్ కంపెనీలో సర్వర్ల మీద జరిగే దాడులను కనిపెట్టే రాత్రి షిఫ్టు చేస్తుంటుంది. అయినా ఫిబ్రవరి 1న బడ్జెట్ వెలువడగానే రక్షణకు ఇన్ని లక్షల కోట్లు అన్న ఒక్క అంకె విని ఊరుకుంటాము. అదే ఇంట్లో ఏదో ఒక రోజు ఒక్క ఫోన్ కాల్‌తో ఖాతా ఖాళీ అయితే, ఎవరికి చెప్పాలో, ఎంతసేపట్లో చెప్పాలో తెలియక విలువైన గంటలు పోగొట్టుకుంటాము. భద్రత కోసం మన దగ్గర వసూలైన డబ్బు ఎటు వెళ్తోందో చదవడమూ, ఆ డబ్బుతో నడిచే వ్యవస్థల దగ్గరికి గడువు దాటకముందే చేరడమూ కలిపి నేర్చుకోవలసిన పనులని నా నమ్మకం. కలిపి నేర్చుకోవడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

ముందు అసలు పత్రం తెరవండి

కేంద్ర బడ్జెట్ పత్రాలన్నీ ఇండియాబడ్జెట్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆర్థిక మంత్రి ప్రసంగంతో ఆగకుండా ఎక్స్‌పెండిచర్ బడ్జెట్ అనే పత్రాన్ని తెరవండి. అందులో మంత్రిత్వ శాఖల వారీగా గ్రాంట్ల డిమాండ్లు ఉంటాయి. రక్షణ శాఖకు అలాంటివి నాలుగు: శాఖలోని పౌర విభాగాలకు ఒకటి, సాయుధ దళాల జీతభత్యాలకూ రోజువారీ నిర్వహణకూ ఒకటి, విమానాలూ నౌకలూ ఆయుధాలూ కొనే మూలధన వ్యయానికి ఒకటి, పెన్షన్లకు ఒకటి. అంకెలన్నీ కోట్ల రూపాయల్లో ఉంటాయని పేజీ పైభాగంలో రాసి ఉంటుంది; మొదటిసారి చదివేవారు దాన్ని చూడకపోతే లెక్క మొత్తం తారుమారవుతుంది.

2025-26 సంవత్సరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఆ ఏడాది రక్షణకు కేటాయించినది మొత్తం 6,81,210.27 కోట్ల రూపాయలు, అంటే కేంద్రం ఖర్చు పెట్టే ప్రతి వంద రూపాయల్లో దాదాపు 13 రూపాయల 45 పైసలు. ఇందులో దళాల జీతాలకూ నిర్వహణకూ 3,11,732.30 కోట్లు, మూలధన వ్యయానికి 1,80,000 కోట్లు, పెన్షన్లకు 1,60,795 కోట్లు, మిగిలిన 28,682.97 కోట్లు పౌర విభాగాలకు వెళ్లాయి. కొత్త విమానాలకూ ఓడలకూ దక్కేది మొత్తంలో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. పెన్షన్లకు వెళ్లేది పావు వంతు కంటే కొంచెం తక్కువ. ఆ పెన్షన్లు 34 లక్షలకు పైగా ఇళ్లకు చేరుతున్నాయి కనుక దాన్ని వృథా ఖర్చు అనేవారితో నేను ఏకీభవించను. అయితే కేటాయింపు పెరిగిందన్న వార్త విన్నప్పుడల్లా పెరిగినది జీతాలా, పెన్షన్లా, కొనుగోళ్లా అని విడదీసి చూడడం తప్పనిసరి.

ఇక అసలైన కిటుకు నిలువు వరుసల్లో ఉంది. ప్రతి పద్దుకూ ఎదురుగా నాలుగు అంకెలుంటాయి: అంతకుముందు ఏడాది వాస్తవంగా ఖర్చయినది, గడుస్తున్న ఏడాదికి మొదట వేసిన అంచనా, అదే ఏడాదికి తర్వాత సవరించిన అంచనా, రాబోయే ఏడాదికి వేసిన అంచనా. 2024-25లో మూలధన వ్యయానికి మొదట 1,72,000 కోట్లు కేటాయించారు. సవరించిన అంచనాకు వచ్చేసరికి అది 1,59,500 కోట్లకు తగ్గింది. అంటే 12,500 కోట్లు అనుకున్న పనికి ఖర్చు కాలేదు. మరుసటి ఏడాది 1,80,000 కోట్లు అన్నప్పుడు, మొదటి అంచనాతో పోలిస్తే పెరుగుదల నాలుగున్నర శాతం పైచిలుకు. సవరించిన అంచనాతో పోలిస్తే దాదాపు 13 శాతం. రెండూ నిజమైన లెక్కలే. ఏ అంకెతో పోల్చి చెబుతున్నారో తెలియకుండా శాతాలను నమ్మవద్దు.

ఒక మనిషికి ఎంత పడుతోందో కూడా లెక్క వేసుకోండి. జనాభా 140 కోట్లు అనుకుంటే 2025-26లో తలకు సుమారు 4,860 రూపాయలు, అంటే నెలకు 400 పైచిలుకు. దీనికోసం విడిగా రక్షణ పన్ను ఏదీ లేదు. ఆదాయపు పన్ను నుంచీ, సబ్బు మీదా సెల్‌ఫోన్ రీచార్జి మీదా కట్టే జీఎస్‌టీ నుంచీ, ప్రభుత్వం చేసే అప్పు నుంచీ కలిసి వస్తుంది. పన్ను పరిధిలోకి రాని పనిమనిషి కూడా ఇందులో తన వాటా కడుతూనే ఉంది.

సరిహద్దులో కాపలా కాసే బీఎస్‌ఎఫ్, విమానాశ్రయాల్లో కనిపించే సీఐఎస్‌ఎఫ్ రక్షణ శాఖ కిందికి రావన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. అవి హోం శాఖవి. 2025-26లో హోం శాఖకు విడిగా సుమారు 2.33 లక్షల కోట్లు ఇచ్చారు. కాబట్టి దేశ భద్రతకు అయ్యే ఖర్చు తెలుసుకోవాలంటే రెండు శాఖల పేజీలూ తిప్పాలి. సైబర్ భద్రత దగ్గరికి వచ్చేసరికి రెండు కూడా చాలవు.

పీణ్య షెడ్డు దాకా వచ్చే డబ్బు

2025-26లో ఆధునికీకరణకు కేటాయించిన నిధుల్లో 75 శాతాన్ని, అంటే సుమారు 1.11 లక్షల కోట్లను, దేశీయ పరిశ్రమల నుంచి కొనడానికి కేటాయించారు. దాని ప్రభావం ఎక్కువగా కనబడే నగరాల్లో బెంగళూరు ముందుంటుంది. 1940లో మొదలైన హెచ్‌ఏఎల్, 1954లో జాలహళ్లిలో పుట్టిన రక్షణ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్, వాటి చుట్టూ సీవీ రామన్ నగర్ వరకు విస్తరించిన రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రయోగశాలలు, వాటికి విడిభాగాలు చేసే వందలాది చిన్న వర్క్‌షాపులు ఇక్కడే ఉన్నాయి. 2025 సెప్టెంబరు 25న రక్షణ శాఖ 97 తేజస్ మార్క్-1ఏ యుద్ధవిమానాల కోసం హెచ్‌ఏఎల్‌తో 62,370 కోట్లకు పైబడిన ఒప్పందం చేసుకుంది. అంతకుముందు 2021 ఫిబ్రవరిలో 83 విమానాలకు ఒప్పందం కుదిరింది. ఆ విమానాలకు కావలసిన అమెరికన్ ఇంజన్లలో మొదటిది 2025 మార్చిలో గానీ అందలేదు. ఒప్పందం వార్త విని అప్పు చేసి కొత్త యంత్రం కొనదలచిన చిన్న యజమాని, ఒప్పందపు తేదీ కంటే సరఫరా మొదలయ్యే సంవత్సరాన్ని చూసుకోవాలి. రెండో ఒప్పందం విషయంలో అది 2027-28.

ఇలాంటి షెడ్డు నడిపేవారు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే చట్టం ఇచ్చిన రక్షణలు దక్కవు, కాబట్టి మొదటి పని అది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల సరుకు అందుకున్న కొనుగోలుదారు ఎంత పెద్ద సంస్థ అయినా 45 రోజులకు మించి బిల్లు ఆపకూడదని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. ఆపితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఫిర్యాదు ఎంఎస్‌ఎంఈ శాఖ ఆన్‌లైన్ పోర్టల్‌లో చేయవచ్చు. పెద్ద కొనుగోలుదారుతో తగవు పెట్టుకోవడం ఇష్టం లేనివారికి ట్రెడ్స్ వేదికల మీద బిల్లును ముందుగానే నగదుగా మార్చుకునే దారి ఉంది.

ఈ షెడ్లకే తగిలే సైబర్ మోసం ఒకటుంది. మీరు ఉక్కు కడ్డీలు కొనే సరఫరాదారు నుంచి, ఎప్పుడూ వచ్చే పాత మెయిల్ సంభాషణకు కొనసాగింపుగానే, ఆడిట్ జరుగుతున్నందువల్ల ఈసారి చెల్లింపు కొత్త ఖాతాకు పంపమని మెయిల్ వస్తుంది. సంతకం అదే, లోగో అదే, బిల్లు నంబరు కూడా సరైనదే. మెయిల్ చిరునామాలో ఒక్క అక్షరం మాత్రం తేడాగా ఉంటుంది, లేదా సరఫరాదారు మెయిల్‌లోకే ఎవరో చొరబడి ఉంటారు. బ్యాంకు ఖాతా మారిందని చెప్పే ప్రతి మెయిల్‌కూ, ఆ మెయిల్‌లో ఉన్న నంబరుకు కాకుండా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి, మీకు తెలిసిన మనిషి గొంతు విన్న తర్వాతే డబ్బు పంపండి. దీనికి మినహాయింపు పెట్టుకోవద్దు.

మీ కంప్యూటర్లే దాడికి గురైతే, 2022 ఏప్రిల్ 28న సైబర్ దాడులపై స్పందించే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఆ సంగతి తెలిసిన 6 గంటల్లోగా వారికి తెలియజేయాలి, కంప్యూటర్లలో జరిగినవాటిని నమోదుచేసే లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. ఇది పెద్ద ఐటీ కంపెనీలకు మాత్రమే అనుకునే చిన్న సంస్థలు చాలా ఉన్నాయి. సెర్ట్-ఇన్ ఉచిత నంబరు 1800-11-4949.

సైబర్ భద్రత ఎవరి చేతిలో ఉంది

జాతీయ సైబర్ భద్రతా విధానం 2013 నాటిది. యూపీఐ లేని రోజుల్లో, స్మార్ట్‌ఫోన్ ఇంటింటికీ చేరని రోజుల్లో రాసిన పత్రం అది. ఇప్పుడు బాధ్యతలు అనేక శాఖల మధ్య పంచి ఉన్నాయి. సైనిక వ్యవస్థల వైపు చూసేది రక్షణ శాఖలోని డిఫెన్స్ సైబర్ ఏజెన్సీ. విద్యుత్తు, బ్యాంకింగ్, టెలికాం వంటి కీలక వ్యవస్థలకు 2014లో ఏర్పడిన ఎన్‌సీఐఐపీసీ ఉంది. దాడుల సమాచారం అందుకుని స్పందించే సెర్ట్-ఇన్ ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ కింద 2004 నుంచి పనిచేస్తోంది. మామూలు మనిషి డబ్బు పోతే చూసేది హోం శాఖ కింద ఉన్న సైబర్ నేరాల సమన్వయ కేంద్రం ఐ4సీ. సిమ్ కార్డులు టెలికాం శాఖ చేతిలో, బ్యాంకుల నియమాలు రిజర్వ్ బ్యాంకు చేతిలో ఉన్నాయి. ఎవరి పని ఏమిటో 2024 సెప్టెంబరులో ప్రభుత్వం బాధ్యతల నియమాలను సవరించి స్పష్టం చేసింది. సమన్వయం జాతీయ భద్రతా మండలి సచివాలయానిది.

ఈ పంపకం తెలియడం ఎందుకంటే, తప్పు గుమ్మం ముందు నిలబడితే సమయం పోతుంది. బ్యాంకు మేనేజరు పోలీసుల దగ్గరికి వెళ్లమంటారు, ఠాణాలో బ్యాంకుకు వెళ్లమంటారు, ఈలోగా డబ్బు నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు ఓపీ చీటీలూ పరీక్షల ఫలితాలూ రోజుల తరబడి చేతితో రాయవలసి వచ్చింది. అక్కడ వరుసలో నిలబడినది దూరాభారం ప్రయాణం చేసి వచ్చిన రోగులు. 2024 జూలై ఆఖరులో సీ-ఎడ్జ్ అనే సాంకేతిక సంస్థ మీద దాడి జరగగానే యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరు చేసింది. ఆ సంస్థ మీద ఆధారపడిన సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ ఆగిపోయింది. ఊళ్లో అమ్మానాన్నలకు ఇలాంటి చిన్న బ్యాంకులో ఒకే ఖాతా ఉంటే, మరో బ్యాంకులో కూడా చిన్న ఖాతా తెరిపించి, రెండు వారాల ఇంటి ఖర్చుకు సరిపడే నగదు ఇంట్లో ఉంచమని చెప్పండి.

ఇక పోయిన డబ్బు సంగతి. హోం శాఖ పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం 2024లో సైబర్ మోసాల్లో ప్రజలు పోగొట్టుకున్నది 22,845.73 కోట్లు; 2023లో అది 7,465.18 కోట్లు. 2025-26లో డీఆర్‌డీఓకు ఇచ్చినది 26,816.82 కోట్లు. దేశమంతటి రక్షణ పరిశోధనకు పెట్టే సొమ్ముకు దగ్గరగా వచ్చే మొత్తం ఒక్క ఏడాదిలో మోసగాళ్ల చేతికి పోయింది. ఇంత నష్టాన్ని ఆపే పనికి, అంటే ఐ4సీకీ సెర్ట్-ఇన్‌కూ, ఎంత ఇస్తున్నారో పైన చెప్పిన పత్రంలోనే హోం శాఖ, ఐటీ శాఖ డిమాండ్లలో వెదికి చూడండి. కర్ణాటక వరకు చూస్తే, 2024 ఆగస్టులో విడుదలైన రాష్ట్ర సైబర్ భద్రతా విధానానికి ఐదేళ్లకు కలిపి వేసిన ఖర్చు అంచనా 103.87 కోట్లు. దేశంలో మొదటి సైబర్ క్రైమ్ పోలీస్ స్టేషన్‌ను 2001లోనే తెరిచిన నగరానికి ఇది చాలదని నేననుకుంటున్నాను.

సైనికుడి పేరు వాడుకునే మోసం

బెంగళూరులో ఇల్లు అద్దెకిచ్చేవారూ పాత సామాను అమ్మేవారూ దీన్ని ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మారతహళ్లిలో ఒకావిడ రెండు పడకగదుల ఇంటికి ఆన్‌లైన్‌లో ప్రకటన పెడుతుంది. గంటలోపే ఫోన్. హిందీ కలిసిన ఇంగ్లిష్‌లో, ఎంతో మర్యాదగా, తాను సీఐఎస్‌ఎఫ్ జవాననీ, విమానాశ్రయానికి బదిలీ అయిందనీ, ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపిస్తాననీ అంటాడు. వాట్సాప్‌లో గుర్తింపు కార్డు, క్యాంటీన్ కార్డు, యూనిఫాంలో ఫొటో వస్తాయి. ఆ ఫొటోలు అసలు జవాన్లవే అయి ఉండవచ్చు, ఎక్కడో దొంగిలించినవి. తర్వాత, ఫోర్స్ ఖాతా నుంచి డబ్బు రావాలంటే ముందు మీరు ఒక్క రూపాయి పంపి చూడాలంటాడు. ఆవిడ పంపుతుంది, వెంటనే రెండు రూపాయలు తిరిగి వస్తాయి. నమ్మకం కుదిరిందని చూసి ఒక క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే 60,000 అడ్వాన్స్ పడుతుందంటాడు.

డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు మీ ఖాతా నుంచి బయటికి వెళ్తున్నట్టే. వ్యక్తి నుంచి వ్యక్తికి డబ్బు అడిగే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు 1 నుంచి ఎన్‌పీసీఐ నిలిపివేసింది, కానీ క్యూఆర్ కోడ్ దారి అలాగే ఉంది. ప్రభుత్వ దళాల్లో జీతం అందుకునే ఉద్యోగి ఇంటి అడ్వాన్స్ తన సొంత ఖాతా నుంచే కడతాడు. దానికి ప్రత్యేకమైన సైనిక చెల్లింపు విధానం ఏదీ లేదు.

ఇదే కోవలో, సైన్యం ఆధునికీకరణకు విరాళం ఇవ్వమంటూ ఒక ఖాతా నంబరుతో వాట్సాప్ సందేశం తిరిగింది. 2025 ఏప్రిల్‌లో రక్షణ శాఖ అది తప్పుదోవ పట్టించేదని ప్రకటించవలసి వచ్చింది. ఆధునికీకరణకు డబ్బు బడ్జెట్ నుంచి వస్తుంది. ఆ పద్దును మీరిప్పుడు స్వయంగా చదవగలరు. విరాళం ఇవ్వాలనుకుంటే 1962 నుంచి ఉన్న జాతీయ రక్షణ నిధి అధికారిక వెబ్‌సైట్ ద్వారా ఇవ్వండి, సందేశంలో వచ్చిన లింకు ద్వారా వద్దు. ఇంట్లో సైనిక పెన్షనరు ఉంటే, లైఫ్ సర్టిఫికెట్ పెండింగ్ ఉందంటూ వచ్చే కాల్స్ గురించి వారికి చెప్పి ఉంచండి. రక్షణ పెన్షన్ల కోసం ఉన్న స్పర్శ్ పోర్టల్‌ను మీరే తెరవాలి, ఫోన్‌లో అవతలివాడు పంపిన ఫైలును తెరవకూడదు.

పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు లాగే డిజిటల్ అరెస్ట్ గురించి రెండు మాటలు చాలు. మన చట్టంలో అలాంటిది లేదు. విచారణకు హాజరు కమ్మనే పోలీసు నోటీసును వాట్సాప్‌లో పంపి సరిపెట్టకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో కాల్‌లో యూనిఫాం కనబడగానే కాల్ కట్ చేసి, పక్కింటివారిని పిలవండి.

డబ్బు పోయిన తర్వాత గడియారం

మొదటి పని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం. బ్యాంకుకూ చెప్పాలి, కానీ ఇంట్లో ఇద్దరుంటే ఒకరు 1930కి, మరొకరు బ్యాంకు హెల్ప్‌లైన్‌కు ఒకేసారి చేయండి. మోసగాడు పంపిన, యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైలునో స్క్రీన్ చూపించే యాప్‌నో ఫోన్‌లో వేసుకుని ఉంటే, ఆ ఫోన్‌ను వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వేరే ఫోన్ నుంచి మాట్లాడండి. యాప్‌ను తొలగించే తొందరలో సాక్ష్యం పోగొట్టుకోవద్దు.

1930లో అడిగేవి ముందే కాగితం మీద రాసుకోండి: మీ ఖాతా నంబరు, బ్యాంకు పేరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, ప్రతి యూపీఐ లావాదేవీకీ ఉండే 12 అంకెల యూటీఆర్ నంబరు. డబ్బు మూడు విడతలుగా పోతే మూడు నంబర్లూ కావాలి. యూపీఐ యాప్‌లో లావాదేవీ వివరాలు తెరిస్తే ఆ నంబరు కనిపిస్తుంది. కర్ణాటకలో కాల్ అందుకునేవారితో తెలుగులో మాట్లాడడం కుదరకపోవచ్చు. కంగారులో ఉన్న పెద్దవారి తరఫున కన్నడమో ఇంగ్లిషో బాగా వచ్చినవారు మాట్లాడడం మేలు. 2021లో మొదలైన ఈ ఏర్పాటు ద్వారా ఫిర్యాదు నేరుగా బ్యాంకులకు చేరి, డబ్బు ఇంకా ఏ ఖాతాలోనైనా మిగిలి ఉంటే అక్కడ అది కదలకుండా హోల్డ్ పడుతుంది. అందుకే నిమిషాలు లెక్కలోకి వస్తాయి. కాల్ తర్వాత వచ్చిన అక్నాలెడ్జ్‌మెంట్ నంబరుతో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పూర్తి ఫిర్యాదు దాఖలు చేయండి.

రెండో గడువు మూడు పనిదినాలు. 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, మీ ప్రమేయం గానీ బ్యాంకు ప్రమేయం గానీ లేకుండా మూడోవారి వల్ల ఖాతా నుంచి డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా తెలియజేసినవారిపై నష్టభారం ఉండదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు భారం 10,000 రూపాయలు మించదు. ఆ తర్వాత బ్యాంకు తన విధానం ప్రకారం నిర్ణయిస్తుంది. మీరు చెప్పిన పది పనిదినాల్లో బ్యాంకు ఆ మొత్తాన్ని తాత్కాలికంగా జమ చేయాలి, 90 రోజుల్లో విషయం తేల్చాలి. తప్పు ఖాతాదారుదేనని నిరూపించే బాధ్యత బ్యాంకుదే. బ్రాంచికి వెళ్లినప్పుడు ఈ నియమాన్ని మీ లేఖలో ప్రస్తావించండి, లేఖ నకలు మీద ముద్ర వేయించుకోండి.

అయితే ఓటీపీ గానీ పిన్ గానీ మీరే చెప్పి ఉంటే, లేదా మీ చేతులతో మీరే డబ్బు పంపి ఉంటే, ఈ రక్షణ అంతగా దక్కదు. బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం మీది. తెలియజేసిన తర్వాత జరిగినది బ్యాంకుది. మోసపోయినవారిలో ఎక్కువమంది ఈ కోవలోనే పడతారు కనుక, ఆశ వదులుకోకుండా ఒక్క నిమిషం ముందు చెప్పినా ఆ తర్వాత పోయే డబ్బుకు బాధ్యత మారుతుందని గుర్తుంచుకోవాలి.

తర్వాత పోలీసు ఫిర్యాదు. బెంగళూరులో డివిజన్ల వారీగా సెన్ పోలీస్ స్టేషన్లున్నాయి. సైబర్, ఆర్థిక, మాదకద్రవ్యాల నేరాలు వాటి పని. ఇది మా పరిధి కాదని తిప్పి పంపితే, భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలని మర్యాదగానే చెప్పండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కొంత డబ్బు హోల్డ్ అయిందని తెలిస్తే పని అంతటితో పూర్తికాదు. దాన్ని విడుదల చేయించడానికి సాధారణంగా మేజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు కావాలి, దానికి అదే సంహితలోని 503వ సెక్షన్ కింద దరఖాస్తు వేయాలి. చాలామంది ఈ దశ తెలియకనే ఊరుకుంటారు, డబ్బు ఎవరిదో ఖాతాలో నిలిచిపోతుంది.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే, లేదా ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఐదు కోట్ల రూపాయల లోపు నష్టపరిహారం కోరడానికి ఐటీ చట్టం 46వ సెక్షన్ కింద రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారిగా ఉంటారు. పెద్ద మొత్తం పోయినవారు న్యాయవాదితో ఈ దారి గురించి తప్పక మాట్లాడాలి.

దీనికి మరో ముఖం ఉంది. మీ దుకాణంలో సరుకు కొన్న ఎవరో మోసపు డబ్బుతో చెల్లిస్తే, ఏ పాపం ఎరుగని మీ ఖాతా కూడా ఫ్రీజ్ కావచ్చు. అప్పుడు ఏ రాష్ట్ర పోలీసులు, ఏ ఫిర్యాదు నంబరు మీద, ఎంత మొత్తానికి ఆపమన్నారో బ్యాంకును లిఖితపూర్వకంగా అడగండి. ఆ దర్యాప్తు అధికారికి బిల్లు, సరుకు ఇచ్చిన రుజువు జతచేసి, ఖాతా మొత్తాన్ని కాకుండా వివాదంలో ఉన్న మొత్తాన్నే హోల్డ్‌లో ఉంచమని రాయండి.

ముందుజాగ్రత్తగా ఈ ఆదివారమే చేయదగినవి

టెలికాం శాఖవారి సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో మీ పేరున ఎన్ని మొబైల్ కనెక్షన్లున్నాయో చూడండి. మీవి కానివాటిని అక్కడే రిపోర్టు చేయవచ్చు. మీ పేరున ఎవరో తీసుకున్న సిమ్‌తో మోసం జరిగితే పోలీసులు మొదట వచ్చేది మీ ఇంటికే. దీని యాప్‌ను ప్రతి కొత్త ఫోన్‌లో ముందే ఎక్కించాలని 2025 నవంబరు చివర టెలికాం శాఖ ఆదేశించింది. తమ ఫోన్ తమ ఇష్టమన్న జనాభిప్రాయం వెల్లువెత్తడంతో డిసెంబరు మొదటి వారంలోనే వెనక్కి తీసుకుంది. యాప్ ఉపయోగకరమైనదే, దాన్ని వాడమనే చెబుతాను. కానీ వాడాలా వద్దా అన్నది పౌరుడి నిర్ణయంగా మిగలడం సరైనదే.

బ్యాంకు వెబ్‌సైట్లు ఇప్పుడు బ్యాంక్ డాట్ ఇన్ అనే ముగింపుకు మారాయి. వేరే ముగింపుతో వచ్చిన లింకును అనుమానించండి. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. మీ సమాచారం బయటికి పొక్కితే ఆ సంస్థ మీకు చెప్పి తీరాలన్న బాధ్యత నియమాలు వెలువడిన 18 నెలల తర్వాత అమల్లోకి వస్తుంది. అప్పటిదాకా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, దుకాణం కౌంటరు దగ్గర అడిగినంత మాత్రాన ఆధార్ నకలు ఇవ్వకండి.

అడగడం

పార్లమెంటులో రక్షణ శాఖ మీద వేసే స్థాయీ సంఘం నివేదికలూ, కాగ్ నివేదికలూ, సభ్యుల ప్రశ్నలకు మంత్రులిచ్చిన జవాబులూ ఆన్‌లైన్‌లో ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద హెచ్‌ఏఎల్, బీఈఎల్ వంటి ప్రభుత్వ సంస్థలను అడగవచ్చు. దేశ భద్రతకు హాని కలిగించే సమాచారం మాత్రం ఇవ్వరు. డీఆర్‌డీఓకు అవినీతి, మానవ హక్కుల ఆరోపణల విషయంలో తప్ప మినహాయింపు ఉంది. 2023 నవంబరులో సెర్ట్-ఇన్‌ను కూడా ఆ మినహాయింపు జాబితాలో చేర్చారు. దేశంలోని కంపెనీలన్నిటి దగ్గరా ఆరు గంటల్లో సమాచారం కోరే సంస్థ తాను పౌరులకు జవాబు చెప్పనవసరం లేకపోవడం నాకు సమంజసంగా తోచదు.

అయినా మనకు దగ్గరగా ఉన్న ప్రశ్నలకు దారి తెరిచే ఉంది. కర్ణాటక నియమాల ప్రకారం ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 పదాలకు మించకుండా, పది రూపాయల రుసుముతో అడగాలి. నగర పోలీసు కమిషనర్ కార్యాలయ సమాచార అధికారికి ఇలా రాయవచ్చు: "గత ఆర్థిక సంవత్సరంలో వైట్‌ఫీల్డ్ డివిజన్ సెన్ పోలీస్ స్టేషన్‌కు అందిన ఆర్థిక సైబర్ మోసాల ఫిర్యాదులు ఎన్ని, వాటిలో ఎఫ్‌ఐఆర్‌గా నమోదైనవి ఎన్ని, హోల్డ్‌లో ఉంచిన మొత్తం ఎంత, బాధితులకు తిరిగి అందిన మొత్తం ఎంత, ఆ స్టేషన్‌లో మంజూరైన సిబ్బంది ఎందరు, ప్రస్తుతం పనిచేస్తున్నవారు ఎందరు అన్న వివరాలు ఇవ్వగలరు." మీ డివిజన్ పేరు మార్చుకుని, కన్నడలో లేదా ఇంగ్లిష్‌లో పంపండి. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే, ఆ తర్వాతి 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయండి. వచ్చిన జవాబు నకలును మీ ఎమ్మెల్యే కార్యాలయంలో ఇచ్చి, సిబ్బంది కొరత ఉంటే దాన్ని రాష్ట్ర బడ్జెట్ చర్చకు ముందే లేవనెత్తమని లిఖితపూర్వకంగా కోరండి.